దుంపకి మడత మార్చాను

మొన్న హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కినావిడ తల్లోని లిల్లీ పూల వాసనకి, చిన్నప్పుడు నేను నెగ్గిన మొదటి బేరం గుర్తొచ్చింది.

మాది విజయవాడలో చీరల కొట్టు. ఇంటి వెనకున్న కాస్త మట్టిలో నాన్న పనస మొక్క వేద్దామన్నారు. నేను లిల్లీ దుంప అన్నాను.

"పనసైతే నీ మనవలు కూడా తింటారు అమ్మడూ. ఇదేంటి, ఉల్లిపాయలా!"

"పనస కాసేలోపు నాకు పెళ్లైపోద్ది నాన్నా. ఇది ఈ ఏడే పూసిద్ది."

"సరే, పాతుకో. బడి తెరిచేలోగా మొలకొస్తే చోటు నీదే. రాకపోతే పీకేసి పనసే."

కొట్లో పట్టుచీరలు మడతల దగ్గర చీలకుండా అప్పుడప్పుడూ మడత మార్చేవాళ్లు. దుంపకీ అలాగే చెయ్యాలనుకుని రోజూ తవ్వి, రెండోవైపుకి తిప్పి పూడ్చేదాన్ని. మొలక జాడే లేదు. అంతలో నన్ను సెలవులకి చల్లపల్లిలో పిన్ని ఇంటికి పంపేశారు. మడత మార్చే దిక్కులేక దుంప పాడైపోతుందని అక్కడ ఒకటే బెంగ.

బడి తెరిచే ముందురోజు తిరిగొచ్చి చూస్తే, వేలెడు పచ్చటి మొలక!

"ఓడిపోయానే తల్లీ," అని నాన్న పనస మొక్కని పక్కింటివాళ్లకి ఇచ్చేశారు. అంతా నా మడత మహిమేనని వీధి వీధంతా చెప్పుకుని తిరిగాను.

ఊళ్లో లేకపోవడమే ఆ దుంపకి నేను చేసిన మేలని చాలా ఏళ్లకి అర్థమైంది. అయినా ఆ గెలుపుని మాత్రం నాన్నకి వాపసు ఇవ్వలేదు.