మా అత్త ఆవు పాలకు నీలం అంచు

ఆ రోజుల్లో 'తెలీదు' అనే మాట పలకడానికి నాకు నోరు తిరిగేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు. తిరుత్తణి బస్టాండులో ఎవరైనా దారి అడిగితే చాలు, తెలిసినా తెలియకపోయినా చెయ్యి చాచి చూపించేవాణ్ణి. (ఒకసారి పాండూరులో పెళ్ళికి పోవాల్సిన వ్యానును నేరుగా పళ్ళిపట్టుకు తోలించాను. వాళ్ళు అక్కడ ఇంకెవరిదో పెళ్ళిలో సుష్టుగా భోంచేసి వచ్చారట కాబట్టి ఆ పాపం నన్ను అంటదు.) అలాంటి సర్వజ్ఞుడికి పశువుల ఆస్పత్రిలో తాత్కాలిక సహాయకుడి ఉద్యోగం దొరికింది. ఒక ఐసుపెట్టె, ఒక సంచి, మెడలో వేసుకునే ఒక బ్యాడ్జి ఇచ్చారు. ఆ బ్యాడ్జి వేసుకుని అద్దం ముందు నిలబడితే అద్దంలోవాడు లేచి నమస్కారం పెట్టేవాడు.

ఉద్యోగానికి ముందు తిరువళ్ళూరులో మూడు రోజుల శిక్షణ. ఆవుల నుంచి మనుషులకు అంటుకునే జ్వరం ఒకటుంది, బ్రూసెల్లోసిస్ అని దాని పేరు, దాన్ని పాలలోనే పట్టుకోవచ్చు అని చెప్పారు. పద్ధతి నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. సన్నటి గాజు గొట్టంలో కొంచెం పాలు పోయాలి. నీలం రంగు మందు ఒక్క చుక్క వేసి కలపాలి. ఒళ్ళు వేడంత గోరువెచ్చటి నీళ్ళలో గంటసేపు ఉంచాలి. అప్పుడు రెండిట్లో ఒకటి జరుగుతుంది. పాలన్నీ నీలంగానే ఉండిపోయి పైన మీగడ మాత్రం తెల్లగా తేలుతుంది. లేకపోతే పాలు తెల్లబడి, నీలమంతా పైకెక్కి మీగడలో ఉంగరంలా నిలబడుతుంది. ఈ రెండిట్లో ఒకటి రోగం. ఏది రోగం అన్నది మధ్యాహ్నం భోజనం తర్వాత చెప్పారు. ఆ భోజనంలో బిరియానీ పెట్టారు. అది మామూలు బిరియానీ కాదు, ఏనుగును పడుకోబెట్టగల బిరియానీ. నా నోటుబుక్కులో 'రోగం ఉన్న పాలలో' అనే దాకా అక్షరాలు ఉన్నాయి, ఆ తర్వాత కలం గీత ఒకటి వానపాములా పేజీ దాటి, బల్ల దాటి, పక్కవాడి చొక్కా చేతి మీదికి పోయింది.

మా డాక్టరమ్మ మింజూరు మనిషి. ఇంట్లో తెలుగే అయినా బడంతా అరవం కావడంతో రెండూ కలిపి మాట్లాడేది. ఆమె మాట తక్కువ, చూపు ఎక్కువ. మొదటి వారమే నన్ను పిలిచి, "పళ్ళిపట్టు పక్కన ఆ నేతవీధిలో మీ మామ ఉండాడు కదా, నీకు సులువు. పన్నెండు ఆవుల పాలు పట్టుకోని రా. టెస్టు ఇక్కడ చేద్దాం. సరియా?" అంది. సరే అన్నాను. పాలు పట్టుకు రావడం వరకే నా పని. కానీ మెడలో బ్యాడ్జి ఉన్నవాడు ఉత్త పాలవాడిలా వచ్చి పోతే దేశం ఏమైపోతుంది? ఆ నీలం మందు సీసా, గాజు గొట్టాలు కూడా ఐసుపెట్టెలో పెట్టుకుని బస్సెక్కాను.

మా మామ గుంటమగ్గం మీద కూర్చున్నాడంటే ఆ చప్పుడుకు వీధిలో గడియారాలు సరిచేసుకునేవాళ్ళు. అలాంటి మనిషి అప్పటికి ఆరు నెలలుగా మగ్గం దిగి గోడవారన దుప్పటి కప్పుకుని ఉన్నాడు. పొద్దున లేస్తే మనిషి మామూలే, కాఫీ తాగి రాజకీయాలు మాట్లాడేవాడు. సాయంత్రమయ్యేసరికి జ్వరం. ఆ తర్వాత పంచె పిండితే బిందె నిండేంత చెమట. నడుము, మోకీళ్ళు పట్టేసి, కాలితో తొక్కుడుకర్రలు తొక్కలేకపోయేవాడు. టైఫాయిడ్ అని సూదులేశారు, మలేరియా అని మాత్రలిచ్చారు, గ్యాస్ అన్నారు, దిష్టి అన్నారు. ఒకాయన జ్వరానికి కారణం ఇంటి గుమ్మమే అని చెప్పి గుమ్మం మార్పించాడు. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉండిపోయింది. మామ రోజూ పొద్దున దాని దగ్గరికి పోయి, దుమ్ము దులిపి, పోగులు సవరించి, వచ్చి పడుకునేవాడు. అది చూడడం కంటే ఆయన ఏడ్చినా బాగుండేది.

మా అత్త దగ్గర మాత్రం ఒక మందు ఉండేది. అది ఆమె ఆవు. ఆ ఏడాదే ఆ ఆవు ఏడో నెల చూలుతో ఉండి ఈచుకుపోయింది. చచ్చిన దూడను మామే ఉత్త చేతులతో లాగి పూడ్చాడు. అయినా ఆవు పాలిస్తూనే ఉంది. "పొదుగు కాడ్నించి నేరుగా లోటాలోకి, లోటాలోనించి నేరుగా కడుపులోకి. పొయ్యి మీద పెడితే సత్తువంతా ఆవిరైపోతాది," అని అత్త సిద్ధాంతం. నురగ తేలే పచ్చిపాలు పొద్దున ఒక లోటా, సాయంత్రం ఒక లోటా. జ్వరం పెరిగితే పాలు పెంచేది. పాలు పెరిగితే జ్వరం పెరిగేది. ఈ లెక్కలోని తిరకాసు ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. మెడలో బ్యాడ్జి ఉన్నవాడికి అసలే తట్టలేదు.

పన్నెండు ఇళ్ళ పాలు పట్టి, అత్తను అడిగి అన్నం గిన్నెలో వేన్నీళ్ళు పోయించి, వీధి అరుగు మీద నా ప్రయోగశాల తెరిచాను. అరగంటలో వీధి వీధంతా వచ్చింది. పక్క వీధి వచ్చింది. సమాధులు వదిలి రాలేనివాళ్ళు తప్ప తాలూకా అంతా వచ్చిందనుకోండి. గంట తర్వాత గొట్టాలు పైకి తీశాను. పదకొండు గొట్టాల్లో పాలు మొత్తం నీలంగా, పైన తెల్లటి మీగడతో ఉన్నాయి. ఒక్క గొట్టంలో మాత్రం మల్లెపువ్వులాంటి పాలు, పైన గీత గీసినట్టు నీలం రంగు ఉంగరం. అది మా అత్త ఆవుది.

జనం నా మొహం చూశారు. నేను నోటుబుక్కు తెరిచి వానపామును చూశాను.

అప్పుడు ముందుకొచ్చాడు నంబరు తాత. వీధిలోకెల్లా పాత నేతగాడు. ఆయన కంటికి ఏది కనబడినా దాని నూలు నంబరు, అంటే పోగు ఎంత సన్నమో, చెప్పేవాడు. చీరకైతే సరే, పళ్ళెంలోని ఇడియాప్పం పోగులకు కూడా చెప్పేవాడు. కళ్ళద్దాలు సవరించుకుని, అత్త గొట్టాన్ని ఎండకు పెట్టి, తిప్పి తిప్పి చూశాడు.

"ఏమి తాతా?" అన్నాను, నాకు తెలిసిందే ఆయన చేత చెప్పిస్తున్నట్టు.

"ఇంకేముండాది రా. తెల్లపంచెకు నీలం అంచు. ఒళ్ళు ఒళ్ళుగా ఉండాది, అంచు అంచుగా ఉండాది, ఒకదాని రంగు ఒకదాంట్లోకి దిగలే. ఇట్లాంటి అంచు వెయ్యాలంటే వయసులో ఉన్నప్పుడు కూడా నా చెయ్యి తడబడేది. తక్కినవి చూడు, రంగు కారిపోయి గుడ్డంతా పట్టేసినట్ల. దీన్ని ఎవుడన్నా చేనేత సొసైటీలో తీసుకుంటాడా?"

నలభై తలలు ఒక్కసారిగా ఊగాయి. ముప్ఫై ఏళ్ళుగా అంచు, ఒళ్ళు చూసి బతికిన కళ్ళవి. అంత సొగసైనది రోగమని వాళ్ళకు ఎవరు చెప్పగలరు? నేను గొంతు సవరించుకుని, "సైన్సు కూడా అదే చెబుతోంది," అన్నాను. సైన్సు అక్కడ లేదు కాబట్టి కాదనలేకపోయింది. రిజిస్టరులో అత్త ఆవుకు ఎదురుగా 'బేషుగ్గా ఉంది' అనీ, తక్కిన పదకొండింటికీ 'రోగం' అనీ రాసి, వీధిలో గొడవ రాకుండా ఆ పదకొండుగురితో "మీవి కొంచెం సుమారు" అని మాత్రం చెప్పాను.

ఎదురింటక్క ఊరుకోలేదు. "ఏం అబ్బోడా, మీ అత్త ఆవుకు మాత్రం కరై పోసి, మా ఆవుకు ముంచి తీసినావే?" అంది. (అంచును అరవంలో కరై అంటారు. ఆమెకు కోపం వస్తే అరవం వచ్చేది.) "నేనేం పొయ్యలేదక్కా, దానంతట అదే వచ్చింది." "దానంతట అదే వస్తే మా దానికి రాదా? ఇంకో చుక్క వెయ్యి. కావాలంటే మా ఇంట్లో రంగుండాది, తెచ్చిస్తా. ఎర్రంచైనా పరవాలే." ఇంకొకాయన జరీ అంచుకు ఏమైనా మందు ఉందా అని చెవిలో అడిగాడు. సాయంత్రానికి అత్త ఆవు కొమ్ములకు పసుపు, మెడలో పూలదండ. గొట్టాన్ని అత్త దేవుడి గూట్లో పెట్టి కుంకుమ పెట్టింది. 'అంచుపాలు' కోసం వీధి చివరిదాకా చెంబుల వరస. అత్త అందరికీ తలా గరిటెడు పచ్చిపాలు పోసింది. నాకు మాత్రం, మేనల్లుణ్ణి కాబట్టి, నిండు లోటా. మామకు రెండు. "తాగయ్యా, ఈ పాలు తాగి కూడా మగ్గం ఎక్కకపోతే ఇంక ఏ పాలూ లేవు," అంది. మామ లోటా పట్టుకుని నా వైపు చూశాడు. "నిజమేనా రా? దీంతో తగ్గుతాదా?" ఆ కళ్ళలో ఆరు నెలల ఆశ ఉంది. "తగ్గుతాది మామా," అన్నాను.

రిజిస్టరు కాగితాన్ని ఆ సాయంత్రం బస్సులో కండక్టరుకిచ్చి తిరుత్తణికి పంపాను. పన్నెండు ఆవుల్లో పదకొండింటికి రోగమన్న కాగితం చూసి డాక్టరమ్మ ఏమనుకుందో ఊహించుకోండి. తెల్లారేసరికి జీపు వచ్చింది. మోచేతుల దాకా తొడుగులు, మోకాళ్ళ దాకా బూట్లు, సున్నం మూటలు, మందు పిచికారీ డబ్బా, చంద్రమండలం మీద దిగినట్టు నలుగురు మనుషులు. డాక్టరమ్మ నన్ను పలకరించలేదు. అరుగు మీది పదకొండు గొట్టాలూ ఒక్కొక్కటే ఎత్తి చూసింది. ప్రతి గొట్టానికీ ఆమె మొహంలో కంగారు తగ్గుతూ, నా మీద చూపు పెరుగుతూ వచ్చింది.

"అన్నీ నల్లాయే, బాగానే ఉండాయి. ఒక్కదానికీ ఏం లేదు. పన్నెండోది ఎక్కడ?"

అత్త గర్వంగా లోపలికి పోయి, దేవుడి గూట్లోంచి కుంకుమబొట్టుతో సహా తెచ్చి రెండు చేతులా అందించింది. "మాదే తల్లీ."

డాక్టరమ్మ గొట్టాన్ని వెలుతురుకు పెట్టి ఆ అంచు చూసింది. తర్వాత చాలా మెల్లగా అడిగింది. "అమ్మా, ఈ ఇంట్లో ఎవరికన్నా జొరం ఉందా? విడవకుండా, వచ్చి పోతా?"

నలభై తలలు మళ్ళీ కలిసికట్టుగా తిరిగాయి, ఈసారి గోడవారన దుప్పటి వైపు. అత్త చేతులు గాల్లో అలాగే ఉండిపోయాయి. "నేనే పోసినా తల్లీ," అంది, ఎవరూ అడగకుండానే. "పొద్దున, సాయంత్రం, నా చేత్తో నేనే పోసినా." అంత పెద్ద గొంతు గల మా అత్త నుంచి అంత చిన్న మాట రావడం నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

"నీకు తెలీదు కదమ్మా, విడు," అంది డాక్టరమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "ఇది మంచిదని ఎవరు చెప్పినారు?" భూమి చీలి నన్ను మింగుతుందని ఆశగా కిందికి చూశాను. సిమెంటు అరుగు, చీలలేదు. నంబరు తాత ముందుకొచ్చాడు. "మేమే చెప్పినాం తల్లీ. అంచు చూస్తే మాకు ఇంకేం తెలస్తాది." ఆ తాతను ఆ క్షణంలో ఎత్తుకుని ముద్దుపెట్టుకోవాలనిపించింది. డాక్టరమ్మ మాత్రం, "చెప్పింది మీరు. రాసింది వీడు," అంది.

ఆ రోజే ఆవు రక్తమూ మామ రక్తమూ తీశారు. అంచుపాలు తాగినవాళ్ళందరివీ, నాదీ కూడా. ఆవుకూ మామకూ అదే రోగమని తేలింది. తక్కిన మాకెవరికీ ఏమీ లేదు, కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ చూసినా లేదు. నాకు మాత్రం పరువుకు విపరీతమైన జ్వరం వచ్చింది. ఆవును చంపేస్తారేమోనని అత్త కొట్టం గుమ్మానికి అడ్డంగా పడుకుంది. ఎవరూ చంపలేదు. వేరే కట్టేయమన్నారు, ఇక చూలు కట్టించొద్దన్నారు, పాలు పొంగేదాకా కాచమన్నారు, కొట్టమంతా సున్నం కొట్టించారు, వీధిలోని ఆడదూడలకు టీకాలేశారు. నాకు పడిన శిక్ష ఏమిటంటే, నెలరోజులు పొద్దున్నే పాలకేంద్రం ముందు నిలబడి వచ్చిన ప్రతి మనిషితోనూ, "నేను తప్పు చెప్పినాను, పాలు కాచి తాగండి," అనడం. నాలుగో రోజు నుంచి జనం నాకంటే ముందే చెప్పేసేవాళ్ళు. "నువ్వు తప్పు చెప్పినావు, మేం కాచి తాగతాం, జరుగు."

మామకు ఆరు వారాల మాత్రలు. మొదటి మాత్ర వేసుకున్న పూట పెరట్లోంచి కేక. నేను పోయేసరికి గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఒరే, అంతా అయిపోయింది. కాషాయం పోస్తా ఉండాను." ఆ మాత్రకు మూత్రం రంగు మారుతుందని ఆస్పత్రిలో ముందే చెప్పారట, ఈయన వినలేదు. నేను ఏదో చెప్పబోయి, నా మాట మీద నాకే నమ్మకం లేక ఊరుకున్నాను. ఈలోగా నంబరు తాత వచ్చి, వంగి, నిదానంగా పరిశీలించి, "రంగు మంచి రంగే. ఉతుకుడుకు నిలస్తాదో లేదో చూడాల," అన్నాడు. ఆరు నెలల తర్వాత మా మామ నవ్వడం అదే మొదటిసారి. నవ్వితే నడుము నొప్పి, అయినా ఆపలేకపోయాడు.

ఆరో వారం ఒక పొద్దున నేను పోయేసరికి ఆయన మగ్గంలో కూర్చుని ఉన్నాడు. సగం చీర ముందు. కాలితో ఒకసారి తొక్కి చూసుకున్నాడు, ఇంకోసారి తొక్కాడు. తర్వాత తలెత్తకుండానే అడిగాడు.

"ఒరే, ఒక మాట. ఆ పొద్దు లోటా పట్టుకోని అడిగినా కదా, తగ్గుతాదా అని. నీకు నిజంగా తెలుసునా?"

అబద్ధాలు ఆరేడు నోటిదాకా వచ్చి, ఒకదాన్నొకటి తోసుకుని, అన్నీ గొంతులోనే పడిపోయాయి. "తెల్దు మామా," అన్నాను.

"ఆ మాటేదో ఆ పొద్దే అనింటే ఒక పూట ముందు లేచింటాను కదరా," అని, కోపమేమీ లేకుండా, పని మొదలుపెట్టాడు.

ఆ ఇరవై రెండేళ్ళ సహాయకుడు ఇప్పుడు నాకు ఎదురుపడితే చెవి మెలేయాలనీ ఉంటుంది, బ్యాడ్జి సరిచేసి పంపాలనీ ఉంటుంది. ఎందుకంటే ఇన్నేళ్ళకు 'తెలీదు' అనడం నాకు బ్రహ్మాండంగా వచ్చేసింది. ఎంత పెద్ద ప్రశ్నకైనా తడుముకోకుండా, స్పష్టంగా, రెండు భాషల్లో చెప్పగలను. చిక్కల్లా ఒకటే. చేతిలో లోటా పట్టుకుని, కళ్ళనిండా ఆశ పెట్టుకుని నన్ను అడిగేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.