ఎవరి దిష్టి వాళ్ళు తీసుకోకూడదట

విచ్‌క్రాఫ్ట్ నేర్చుకుంటున్నానంటే మనవాళ్ళు ముందు నవ్వుతారు, ఆ వెంటనే పిల్లల్ని ఇంట్లోకి లాక్కుంటారు. నా దగ్గర్నుంచి లాక్కున్నది ఒక్క పిల్లనే. నాకున్నదీ ఆ ఒక్క పిల్లే.

కింది ఫ్లాట్‌లో ఉండే అక్క కూతురది. అక్కంటే తోడబుట్టింది కాదు. అమెరికాలో ఇర్వింగ్ అనే ఊళ్ళో ఒకే అపార్ట్‌మెంట్స్‌లో ఉంటూ వరసలు కలుపుకున్నాం, అంతే. నాకు ఇంటి నుంచే పని కాబట్టి ఆరేళ్ళ పిల్ల స్కూల్ బస్ దిగి సరాసరి మా ఇంటికే వచ్చేది. వాళ్ళమ్మ ఆఫీస్ నుంచి వచ్చేదాకా నా వంటింటి గట్టెక్కి కూర్చుని, పెరుగన్నం తింటూ లోకంలో ఉన్న ప్రశ్నలన్నీ అడిగేది. విడాకులయ్యాక నన్ను మనిషిలా నిలబెట్టినవి ఆ సాయంత్రాలే. పిల్ల పేచీ పెడితే దిష్టి తీయమని అక్కే అడిగేది. గుప్పెట్లో కల్లుప్పు పట్టుకుని, మా నానమ్మ అన్నట్టే అంటూ పిల్ల చుట్టూ తిప్పి, తూతూ అని ఉమ్మించి, సింక్‌లో వేసి నీళ్ళు వదిలేదాన్ని. "అగైన్, ఆంటీ!" అని ఎగిరేది ఆ గడుగ్గాయి.

మొదటి శ్రావణ శుక్రవారం అక్క పేరంటం పెట్టింది. కాంప్లెక్స్‌లో ఉన్న తెలుగు ఆడవాళ్ళందరినీ పిలిచింది, నన్ను తప్ప. మర్నాడు పొద్దున్న డబ్బాలో పులిహోర పంపించింది. దాని పిల్లకి అన్నం పెట్టడానికి పనికొచ్చే చేతులు తాంబూలం అందుకోవడానికి పనికిరావా? అరికాలి మంట నెత్తికెక్కింది. కొత్తిమీర వంకతో ఇండియన్ గ్రోసరీకి డ్రైవ్ చేశాను. దాని పక్కనే కొవ్వొత్తులూ రంగురాళ్ళూ అమ్మే కొట్టు ఉంది. అద్దం మీద కాగితం అంటించారు: కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి విచ్‌క్రాఫ్ట్ క్లాసులు, శనివారం మధ్యాహ్నాలు. ఎలాగూ అశుభం కింద జమకట్టేశారు, ఆ విద్యేదో నేర్చుకునే అనిపించుకుందాం అనుకుని లోపలికి వెళ్ళాను.

నేర్పేది నెరిసిన జడతో ఉన్న ఒక అమెరికన్ పెద్దావిడ. పెళ్ళయిందా, మొగుడేం చేస్తాడు, ఏ వీసా మీద ఉన్నావు అని అడగలేదు. "నీకేం కావాలి?" అంది. మంత్రాలన్నీ తరవాతట. ముందు కొవ్వొత్తి వెలిగించి, దాని ఎదుట కూర్చుని, కావలసిందేమిటో ఒక్క వాక్యంలో పైకి చెప్పాలట. వాక్యం తరవాత చెప్తానని కొవ్వొత్తి మాత్రం వెలిగించాను. ఇన్నేళ్ళొచ్చాయి, ఆ ప్రశ్న నన్నెవరూ అడిగిన పాపాన పోలేదు. ఇంటి దగ్గర చేయడానికి ఇంకో చిన్న పని కూడా చెప్పింది: గడప దగ్గర ఉప్పు చల్లి, లోపలికి ఏది రావాలో ఏది రాకూడదో చెప్పుకోవాలి.

సాయంత్రం ఉప్పు తీశాను. పక్కనే ఎండుమిరపకాయల సీసా కనబడింది. అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? రెండూ కలిపి, నా చుట్టూ నేనే తిప్పుకుని, కాలుతున్న పెనం మీద పడేశాను. దిష్టి ఉంటే మిరపకాయలకి ఘాటు రాదనేది నానమ్మ. అబ్బే, నామీద ఎవరి కళ్ళూ పడ్డట్టు లేదు, ఒకటే ఘాటు! మా ఇంట్లో స్మోక్ అలారం మొదలెట్టింది, దాని వెంట బిల్డింగంతా మోగింది. ఆగస్టు ఉక్కలో జనమంతా దగ్గుకుంటూ పార్కింగ్ లాట్‌లోకి దిగారు. ఫైరింజన్ కూడా వచ్చింది.

"ఏం మాడ్చావే?" అంది అక్క.

"దిష్టి తీసుకున్నానక్కా."

తెలుగువాళ్ళందరూ నవ్వేశారు. "ఎవరి దిష్టి వాళ్ళు తీసుకోకూడదమ్మా, ఇంకొకళ్ళు తీయాలి," అంటూ ఒక పెద్దావిడ బుగ్గలు నొక్కుకుంది. అక్కడితో నోరు మూసుకుంటే సరిపోయేది. నేనెందుకు మూసుకుంటాను! "విచ్‌క్రాఫ్ట్ క్లాస్‌లో చేరాను. ఇది హోంవర్క్," అన్నాను.

అక్క పిల్లని రెక్క పట్టుకుని వెనక్కి లాగింది.

మర్నాడు ఒక్కతే వచ్చింది. "చేతబడి అంటారే దాన్ని. చిన్నపిల్ల తిరిగే ఇల్లు ఇది. ఆ క్లాస్ డ్రాప్ చెయ్యి, మామూలుగానే పంపిస్తా. లేదంటే ఆఫ్టర్ స్కూల్ డేకేర్‌లో జాయిన్ చేసేస్తా."

"మొన్న కొత్త కార్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించావుగా, అదేంటి?"

"అది పూజ. పంతులుగారు చేయించారు."

"నేను చేస్తే చేతబడా?"

"నీ మంచికే చెప్తున్నా. తర్వాత నీ ఇష్టం."

అన్నంత పనీ చేసింది. బస్ వచ్చే వేళకి నా చెవులు తలుపు దగ్గరే ఉండేవి. పెరుగు తోడెయ్యడం మానేశాను. ఒకరోజు 'క్లాస్ మానేస్తానక్కా' అని మెసేజ్ టైప్ చేసి, సెండ్ నొక్కబోయి, ఛీ నా బతుకు అనిపించి తుడిచేశాను. ఆ శనివారం కొవ్వొత్తి ముందు కూర్చుంటే వాక్యం దానంతటదే తెలుగులో వచ్చింది: "ఆ పిల్ల నాకు కావాలి, ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా కావాలి." నేర్పే పెద్దావిడకి ముక్క అర్థం కాలేదు, అయినా తలూపింది.

ఆఖరి శ్రావణ శుక్రవారం కింద మళ్ళీ పేరంటం. పిలవని పేరంటానికి వెళ్ళకూడదంటారు. పట్టుచీర కట్టుకుని మరీ వెళ్ళాను. స్టిక్కర్ ముగ్గు అంటించిన గుమ్మంలో నిలబడి బెల్ కొట్టాను. అక్క తలుపు సగమే తీసింది.

"తాంబూలం కోసం రాలేదక్కా. క్లాస్ మానను. నీ పిల్ల మీద ప్రేమా చంపుకోను. రెండూ నీ మొహం మీదే చెబుదామని వచ్చాను."

"లోపల అందరూ ఉన్నారు, ప్లీజ్. తర్వాత మాట్లాడదాం," అంది గొంతు తగ్గించి.

దాని చెయ్యి కిందనుంచి దూరి పిల్ల బయటికొచ్చింది. పట్టులంగా, చెదిరిన జడలు. నన్ను చూసి మళ్ళీ లోపలికి పరిగెత్తింది. వెళ్ళిపోదామని వెనక్కి తిరిగేలోపే గుప్పెట మూసుకుని వచ్చేసింది. వేళ్ళ సందుల్లోంచి ఉప్పు రాలుతోంది.

"ఆంటీ, నీకు తియ్యడానికి ఎవరూ లేరు కదా? ఐ కెన్ డూ ఇట్. కూచో."

గుమ్మం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. లోపలి ఆడవాళ్ళంతా మెడలు సాచి చూస్తున్నారు. పిల్ల గుప్పెట నా తల చుట్టూ తిప్పుతూ, నేను దానికి అన్నవే, దాని అమెరికా నాలికతో వరసగా అప్పజెప్పింది. "ఇరుగు దిష్టి. పొరుగు దిష్టి. అమ్మ దిష్టి."

ఆ అమ్మ అక్కడే నిలబడి ఉంది, తలుపు పట్టుకుని.

"ఇప్పుడు స్పిట్, ఆంటీ. త్రీ టైమ్స్."

ఆ చిన్న గుప్పెట మీద మూడుసార్లూ ఉమ్మాను, గట్టిగానే. పిల్ల రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుని లేవదీసింది.

"అమ్మా, మూవ్! సింక్‌లో వెయ్యాలి."

అక్క జరిగింది.