కుడి వైపు వెనక చక్రం

మా ఇంటి మీదుగా విమానాలు దిగుతాయి. శంషాబాద్‌లో ఇల్లు కట్టుకున్న కొత్తలో ప్రతిదానికీ తలెత్తి చూసేవాళ్లం. ఇప్పుడు మాట మధ్యలో వస్తే ఆగి, అది పోయాక మిగతా మాట చెప్పుకుంటాం. ఏ మోత వినిపించినా విమానమే అనుకోవడం అలవాటైపోయింది.

అందుకే నా భార్య కారు వెనక సీట్లో పడుకుని "కింద ఏందో గుయ్యిమంటున్నది" అంటే, "విమానం" అన్నాను. నెల రోజులు అదే జవాబు. డయాలసిస్ కోసం ఆమె వారానికి మూడు రోజులు దవాఖానకు పోవాలి. తిరిగొచ్చేటప్పుడు కూర్చోలేదు, పడుకునే రావాలి. ఒకసారి ఆటోలో వస్తుంటే గతుకులకు సొమ్మసిల్లింది. కారు లేకపోతే మాకు గడవదు.

ఒక శనివారం రాజేంద్రనగర్ దగ్గర ఆ మోత నాకూ వినిపించింది. పైకి చూస్తే ఆకాశంలో ఏమీ లేదు. వెనక చక్రంలో బేరింగు అరిగిపోయింది. అలాగే నడిపితే ఏదో ఒక రోజు చక్రం దారిలోనే బిగుసుకుపోతుంది. మెకానిక్‌ను అడిగితే "జర పని మస్తున్నదన్నా, మంగళారం తీస్కపో" అన్నాడు. సోమవారం పొద్దున్నే ఆమె దవాఖానలో ఉండాలి. వాడి మంగళవారం నాకెందుకు? ఒళ్లు మండి, బేరింగు కొనుక్కుని ఇంటికొచ్చేశాను. వయసులో లారీ షెడ్డులో పనిచేసిన చేతులు, మరిచిపోతాయా అనుకున్నాను.

ఆదివారం పొద్దున, కారు ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక ఎడమ వైపు జాకీతో లేపాను. చక్రం చేత్తో తిప్పి దాని దగ్గర చెవి పెట్టాను. గుయ్యిమంది. దొరికిందిరా అనుకున్నాను.

"నాకు కుడి దిక్కు వినవడ్తది" అంది నా భార్య, వరండాలో కుర్చీలోంచి.

"నువ్వు ఊకో" అన్నాను.

మధ్య నట్టు ఒక పట్టాన రాలేదు. పానాకు పైపు తొడిగి, నా బరువంతా వేసి తొక్కితే కదిలింది. డ్రమ్ము లాగేసరికి నడుం పట్టేసింది. పాత బేరింగును కొట్టి కొట్టి బయటికి తీసి, కొత్తదాన్ని అంచు మీదే దెబ్బ పడేలా మెల్లగా లోపలికి దించాను. లోపలి రింగు మీద పడితే కొత్తదీ పాడవుతుంది. ఒక్కో దెబ్బకూ ఊపిరి బిగపట్టాను. అన్నం వేళ దాటిపోయింది. అంతా బిగించి పక్క ఊరు సాతంరాయి దాకా నడిపి చూశాను.

గుయ్యి. అదే గుయ్యి.

ఇంటికొచ్చి మెట్టు మీద కూలబడ్డాను. పొద్దున నేను విన్నది చక్రాన్ని కాదు, విమానాన్ని. నెల రోజులు చక్రాన్ని విమానం అనుకున్న మొనగాణ్ణి, ఆ పూట విమానాన్ని చక్రం అనుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. చేతులు లేవనన్నాయి.

"రెండో దిక్కు లేపు" అంది.

"ఓపిక లేదు ఇగ."

"నాకున్నదా?"

ఆ మాటకు లేచాను. కుడి వైపు జాకీ పెట్టాను. ఆమె మెల్లగా వచ్చి, స్టూలు మీద కూర్చుని, టైరు పైనుంచి చెయ్యి పోనిచ్చి లోపలి స్ప్రింగు మీద రెండు వేళ్లు ఆనించింది. "ఇగ తిప్పు" అంది. తిప్పాను. సరిగ్గా అప్పుడే పైన విమానం. నాకేమీ వినబడలేదు. ఆమెకు వినే పనే లేదు.

"గిదే. వేళ్లకు గరగర తాకుతున్నది."

"నీకెట్ల ఎరుక?"

"రోజు పొద్దుగాల చూస్కుంటనే ఉంట గద" అని ఎడమ చెయ్యి చూపించింది. సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి, రెండు రక్తనాళాలు కలిపిన చెయ్యి అది. ఆ కలిపినచోట రక్తం జుమ్మంటూ పారుతూ ఉండాలి. రోజూ వేళ్లు పెట్టి చూసుకోమని నర్సు నేర్పింది. జుమ్మనడం ఆగిందంటే అప్పటికప్పుడు దవాఖానకు పరుగెత్తాలి. రెండేళ్లుగా ఆ చేతిని నేను ముట్టుకోలేదు. నా మొరటు వేళ్లు తగిలి ఏమవుతుందోనని భయం.

స్కూటర్ మీద పోయి మరో బేరింగు తెచ్చాను. "ఇంకోటా అన్నా?" అన్నాడు దుకాణం అతను. డబ్బులిచ్చి బండి తిప్పాను. పొద్దు గూకేసరికి కుడి చక్రం కూడా అయింది. ఆమె మళ్లీ స్ప్రింగు మీద వేళ్లు పెట్టి, "ఇగ లేదు" అంది.

చేతులు రుద్ది రుద్ది కడుక్కుని వచ్చాను. ఆమె నా వేళ్లు పట్టుకుని తన చేతి మీద పెట్టుకుంది.

"నేను సోయి తప్పి పడ్డప్పుడు నువ్వే చూడాలె" అంది. "చెవుతోని గాదు."

వేళ్ల కింద సన్నగా జుమ్మంటోంది. పైన విమానం వచ్చి పోయింది. ఈ రెండేళ్లూ ప్రతి పొద్దునా ఆమె ఒక్కతే చూసుకుందన్న సిగ్గుతో, నేను చెయ్యి తియ్యలేకపోయాను.