అమ్మ చెంప మీద లైటు

ఇది కూడా రాసుకో చిన్నీ. మన బేస్‌మెంట్‌లో అద్దెకుండే స్టూడెంట్ మాధవిని, తన వీసా మీద ఈ కెనడాకి తెచ్చుకున్న మొగుడే కొట్టాడు కదా. పోలీసులకి చూపించడానికి పొద్దున నీ చిన్న కెమెరాతో ఫొటో తీశావు. కిటికీ బయట స్కార్‌బరో అంతా మంచు, పైగా నీ ఫ్లాష్. ఫొటోలో దెబ్బ తగిలిన చెంప తెల్లకాగితమైపోయింది.

"హైలైట్స్ పోయాయి అమ్మమ్మా, వెలుగు ఎక్కువైన చోట అంతా చెరిగిపోయింది. ఒకసారి పోతే ఎడిట్ చేసినా రావు," అన్నావు.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నాకప్పుడు ఆరేళ్లు. నాన్న ఇత్తడి చెంబుతో అమ్మ మొహం మీద కొట్టాడు. చెంప నల్లగా వాచిపోయింది. మర్నాడే స్టూడియోలో ఫ్యామిలీ ఫొటో.

"ఆ పక్కన లైటు గట్టిగా వెయ్యవయ్యా," అన్నాడు నాన్న నవ్వుతూ. ఫొటోగ్రాఫరు పెద్ద లైటు అమ్మ చెంప దగ్గరికి జరిపాడు. వేడికి పౌడరు వాసన గుప్పుమంది. ఫొటో వచ్చాక చూస్తే దెబ్బే లేదు!

లైటంటే మందనుకున్నాను. నాన్న మళ్ళీ కొట్టి, అమ్మ పెదవి చిట్లి నెత్తురు కారుతుంటే, లాంతరు తెచ్చి మొహానికి ఆనించబోయాను.

"కాలుతుందే పిచ్చిదానా!" అని అమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది. చూసినవాళ్ళంతా, "మీ అమ్మగారు ఎంత తెల్లగా ఉన్నారో," అంటారు.

అందుకే ఫ్లాష్ ఆపి, కర్టెన్ వెయ్యమన్నాను. నువ్వు ఎక్స్‌పోజర్ తగ్గించి మళ్ళీ తీశావు. ఈసారి మాధవి చెంప మీద వాడి నాలుగు వేళ్ళ అచ్చులూ పడ్డాయి.