ఆర్లిన్ వీపుకు సరిపడిన సంచి

ఆర్లిన్ ట్వెయిట్ నిలబడితే ఆరడుగుల మనిషి. కూర్చుంటే పక్కవాళ్ళ భుజాల దగ్గర ఆగిపోతాడు. దేవుడు అతన్ని చేసేటప్పుడు మట్టి అంతా కాళ్ళకే వాడేసి, చివర్లో మిగిలిన పిడికెడుతో మొండెం సరిపెట్టేశాడని హారో క్రీక్ ఊళ్ళో ఒక జోకు ఉంది. అది పుట్టించినవాడు మెర్ల్ కినియన్. బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నప్పటి నుంచీ మెర్ల్ ఆ మాట అంటూనే ఉన్నాడు, ఆర్లిన్ నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు ఉత్తదని భార్య వెర్నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆర్లిన్ కౌంటీ రోడ్ల శాఖలో మంచు తోసే బండి నడుపుతాడు. సీటు మీద మెత్త వేసుకుంటేనే గాని అతనికి బండి ముక్కు కనబడదు. ఎవరైనా దారిలో ఎదురైతే వెన్ను నిటారుగా సాగదీసి కూర్చుంటాడు. యాభై దాటినా ఆ అలవాటు పోలేదు.

ఆ ఏడాది ఎల్క్ అనే పెద్ద కొండదుప్పుల వేట తెరవబోతుండగా, వీపు మీద మాంసం మోసుకొచ్చే అతని పాత వేటసంచిని కొట్టంలో ఎలుకలు కొరికేశాయి. అది చట్రమూ గిట్రమూ లేని గుడ్డసంచి, ఏ వీపు మీదైనా ఒదిగిపోయేది. కొత్తది కొనక తప్పలేదు. పెద్ద ఊళ్ళో వేటసామాన్ల కొట్టుకు వెళ్ళాడు. అక్కడ పనిచేసే టెస్ అనే పిల్ల అతన్ని అద్దం ముందు నిలబెట్టింది.

"తల వంచండి" అంది. మెడ కింద పొడుచుకొచ్చిన ఎముక దగ్గర టేపు పెట్టి, వెన్ను వెంబడి తుంటి ఎముకల పైఅంచు దాకా లాగింది. "మీ ఎత్తు చూసి పెద్ద సైజు తీద్దామనుకున్నానండీ. కానీ సంచికి మనిషి ఎత్తుతో పనిలేదు. వీపు పొడుగే లెక్క. మీది బాగా పొట్టి వీపు."

"ఆ మాట కాస్త మెల్లిగా అనమ్మా" అన్నాడు ఆర్లిన్, చుట్టూ చూస్తూ.

మగవాళ్ళ సంచుల్లో అన్నిటికంటే చిన్నది వేసి చూసింది. నడుంపట్టీ తుంటి మీద కాక తొడల మీదికి జారింది. చట్రం పైకొస మెడ దాటి తల వెనక్కి వచ్చింది. టెస్ పెదవి విరిచి, అవతలి వరస నుంచి ఇంకొకటి పట్టుకొచ్చింది. బరువు తెలియడానికి ఇసక మూటలు లోపల పడేసి, పట్టీలు బిగించింది.

"ఇప్పుడు టోపీ పెట్టుకుని పైకి చూడండి. మోకాళ్ళ మీద కూర్చుని గురిపెట్టినట్టు చేయండి. తలకు ఏమైనా తగులుతోందా?"

ఏమీ తగల్లేదు. బరువంతా తుంటి మీద కూర్చుంది. భుజాలు ఖాళీగా ఉన్నట్టున్నాయి. ఆర్లిన్‌కు ఆ సంచి విప్పబుద్ధి కాలేదు. అప్పుడు అద్దంలో చూసుకున్నాడు. ముదురాకుపచ్చ సంచి, అంచుల వెంట నేరేడుపండు రంగు కుట్టు. పక్కన చీటీ మీద 'మహిళలకు' అని ఉంది.

"ఆడవాళ్ళదా ఇది?"

"పేరుకేనండీ. పొట్టి వీపున్న మగవాళ్ళు చాలామంది ఇదే పట్టుకెళ్తారు."

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని మెర్ల్ లోపలికొచ్చాడు. అతని వెనక, రోజూ కాఫీ హోటల్లో కలిసి కూర్చునే జట్టులోని మరో ఇద్దరు ఉన్నారు.

"ఓరి నీ! ఏంట్రా ఆ సింగారం? నేరేడు రంగు నీ కళ్ళకి భలే నప్పిందిరోయ్!"

ఆర్లిన్ చేతులు వాటంతటవే పట్టీలు విప్పేశాయి. "నాక్కాదురా. వెర్నాకి. తనూ వేటకొస్తానంటోంది."

"వెర్నానా? కోడిని కోస్తుంటేనే మొహం తిప్పుకునే మనిషి వేటకా?" మెర్ల్ కళ్ళు పెద్దవి చేశాడు. "మంచిదేలే, తీసుకో. మరి నీదేది?"

టెస్ ఏదో అనబోయింది. ఆర్లిన్ ఆమె మొహం చూడకుండా గోడ మీదున్న పెద్ద సైజు మగవాళ్ళ సంచి దించుకున్నాడు. రెండూ కొన్నాడు. ఆకుపచ్చది తన ట్రక్కు పనిముట్ల పెట్టెలో, మంచుగొలుసుల కింద తోసేశాడు. ఇంటికొచ్చాక వెర్నాకు దాని ఊసే ఎత్తలేదు.

వేట తెరిచిన వారంలో ఒక తెల్లవారుజామున మెర్ల్, ఆర్లిన్ ఇద్దరూ దేవదారు చెట్ల వాలు ఎక్కారు. కొత్త సంచి సంగతి మొదటి మిట్ట దగ్గరే తేలిపోయింది. నడుంపట్టీ తొడలకు రాసుకుంటోందని వదులు చేస్తే బరువంతా భుజాల మీద పడింది. బిగిస్తే కాళ్ళు ముందుకు పడలేదు. చట్రం కొస అడుగడుక్కీ టోపీని వెనక నుంచి పొడుస్తోంది.

"ఏంట్రా, ముసలి గుర్రంలా రొప్పుతున్నావ్?" అన్నాడు మెర్ల్.

"రాత్రి నిద్ర లేదు" అన్నాడు ఆర్లిన్. నోరు తెరిస్తే అబద్ధమే వస్తోంది.

వాలు అంచు చేరేసరికి కింద పచ్చిక మీద ఎల్క్‌ల మంద మేస్తోంది. వాటిలో ఒక పెద్ద ఆడది పక్కకు తిరిగి నిలబడింది. ఈసారి వంతు ఆర్లిన్‌ది. అతను మోకాలి మీద కూర్చున్నాడు, వెనకాల మెర్ల్ కూర్చున్నాడు. వేటగాడన్నవాడు ఇలాంటప్పుడు ముందు సంచి దింపుతాడు. దింపితే, ఇప్పటిదాకా దాంతో పడ్డ అవస్థంతా మెర్ల్‌కు తెలిసిపోతుందేమోనని అతని మనసులో ఒక పిచ్చి భయం. దింపలేదు. చెంప తుపాకీకి ఆనించి తల ఎత్తాడు. చట్రం టోపీని ముందుకు నెట్టింది. దాని అంచు కళ్ళ మీదికి దిగిన ఆ క్షణంలోనే వేలు బిగుసుకుంది.

తూటా గుండెకు కాక కడుపుకు తగిలింది. ఎల్క్ వీపు విల్లులా వంచి, తలదించుకుని, మందతో పాటు అడవిలోకి పోయింది. ఆ వంగిన వీపు చూస్తే ఎక్కడ తగిలిందో ఇద్దరికీ తెలిసిపోయింది.

"ఏమైందిరా?" అన్నాడు మెర్ల్ మెల్లిగా.

నిజం నాలుక చివర దాకా వచ్చింది. దానితో పాటే కొట్టూ, అద్దమూ, నేరేడు రంగు కుట్టూ, జన్మంతా కాఫీ బల్ల దగ్గర వినబోయే నవ్వులూ వచ్చాయి.

"నువ్వు కదిలావు. నీ మోకాలి కింద పుల్ల విరిగింది. అది ఉలిక్కిపడింది."

మెర్ల్ కిందికి చూసుకున్నాడు. అతని మోకాలి దగ్గర ఎండుపుల్లలు ఉండనే ఉన్నాయి. అడవిలో ఎక్కడ లేవు గనక! అతని మొహంలో నెత్తురు దిగిపోయింది. "నాకు వినపడలేదురా" అన్నాడు. ఆ పుల్లలు చేత్తో తడిమి, "కదిలానేమో" అన్నాడు.

ఆ రోజంతా నెత్తుటి జాడ పట్టుకుని తిరిగారు. ఆకు మీద చుక్క, రాయి మీద చుక్క. ఆర్లిన్ సంచి దించి చేత్తో ఈడ్చుకుంటూ నడిచాడు. మెర్ల్ మాత్రం ముందుకు వంగి, ఒక్కో ఆకునూ తిప్పి చూస్తూ, తప్పు చేసిన వాడికి మల్లే ఒళ్ళు దాచుకోకుండా వెతికాడు. పొద్దు వాలాక జాడ పోయింది.

మర్నాడు బొంతకాకులు అరుస్తున్న చోట అది దొరికింది. నక్కలు వెనకభాగం తినేశాయి. మిగిలిన మాంసం పులిసి వాసనేస్తోంది. ఒక కుటుంబం చలికాలమంతా తినాల్సిన తిండి. ఆ ఊళ్ళో మనిషి తాగినా, ఓటు ఎవరికేసినా క్షమిస్తారు గానీ, మాంసం పాడుచేస్తే క్షమించరు. ఆర్లిన్ ఏడాదికి ఒక్క జంతువుకే చెల్లే తన వేటచీటీ తీసి, తేదీ దగ్గర గాటు పెట్టి, దాని కాలికే కట్టాడు. దానితో అతని వేట ఆ ఏటికి ముగిసింది.

"నీ చీటీ పోయింది నా వల్ల" అన్నాడు మెర్ల్. "క్షమించరా."

ఆర్లిన్ "పోనీలే" అన్నాడు. ఆ మాట అన్నందుకు తర్వాత అతనికి తన నోటి మీదే అసహ్యం వేసింది. తనే చేసి, తనే క్షమించాడు.

నవంబరు మొదట్లో అగ్నిమాపక కేంద్రం హాల్లో వేటగాళ్ళ విందు జరిగింది. పొడుగు బల్లల మీద ఎల్క్ కూర, బంగాళాదుంపలు, ఆపిల్ రొట్టెలు. ఎవరో ఆర్లిన్‌ను అడిగారు, "నీ ఎల్క్ కుళ్ళిపోయిందట, నిజమేనా?" అని.

ఆర్లిన్ తల ఎత్తేలోపే మెర్ల్ లేచాడు. "వాణ్ణేం అనకండి. తప్పు నాది. గురిపెట్టినప్పుడు కదిలాను. ఇన్నేళ్ళొచ్చి, పసిపిల్లాడిలా కదిలాను."

బల్లకు అవతల ఒక ముసలాయన తల అడ్డంగా ఊపాడు. మెర్ల్ అది చూశాడు. కూర్చుంటూ, మాట మార్చడానికి నవ్వు తెచ్చిపెట్టుకుని వెర్నా వైపు తిరిగాడు.

"అవునూ, వెర్నా, నీ కొత్త సంచి ఎలా ఉంది? వేటకెప్పుడు దిగుతున్నావ్?"

వెర్నా చెంచా గాల్లో ఆగింది. ఒకసారి భర్త మొహం చూసింది. చెవుల దాకా కందిపోయిన ఆ మొహంలో ఆమెకు ఏం కనబడిందో గానీ, "బాగుంది మెర్ల్. ఇంకా అలవాటు పడాలి" అంది.

ఇంటికి వెళ్ళే దారిలో వెర్నా అడిగింది.

"నాకు సంచి కొన్నావా?"

"కొన్నాను."

"నాకా?"

ఆర్లిన్ ట్రక్కు పక్కకు తీసి ఆపాడు. స్టీరింగు పట్టుకునే అంతా చెప్పాడు. సంచి సంగతి, టోపీ సంగతి, విరగని పుల్ల సంగతి.

వెర్నా వెంటనే తిట్టలేదు. "నీ భుజాల మీద ఆ వాతలు చూసి ఏదో బరువు మోశావనుకున్నాను" అంది. తర్వాత అతని వైపు తిరిగింది. "వీపు పొట్టిదైతే నీకేం సిగ్గయ్యా? నేను ఆ వీపునే కదా పెళ్ళాడాను. ఇప్పుడు సిగ్గుపడు. ఇప్పుడు పడాలి. నేను కూడా నీ కోసం అందరి ముందూ అబద్ధమాడాను."

"రేపు మెర్ల్‌కి చెప్తాను."

"రేపెందుకు? అదుగో, వాళ్ళ కొట్టంలో దీపం వెలుగుతూనే ఉంది కదా."

మెర్ల్ విందు నుంచి ముందే వచ్చేసి, కొట్టంలో కత్తులు నూరుకుంటున్నాడు. ఆర్లిన్ గుమ్మంలోనే నిలబడి, టోపీ చేతిలో పట్టుకుని చెప్పాడు. చెబుతున్నంతసేపూ, మెర్ల్ ఎప్పుడు పకపకా నవ్వుతాడా అని ఎదురుచూశాడు. నవ్వితే బాగుండుననుకున్నాడు.

మెర్ల్ నవ్వలేదు. కత్తి పక్కన పెట్టాడు.

"రాత్రుళ్ళు పడుకుని ఆ పుల్ల చప్పుడు వినడానికి ప్రయత్నించాన్రా" అన్నాడు. "వినపడినట్టే అనిపించేది కూడా. నా చెవులు పోయాయేమోనని డాక్టరు దగ్గరికి వెళ్దామనుకున్నాను. తుపాకీ అల్లుడికిచ్చేద్దామని మా ఆవిడతో అన్నాను."

"తప్పయిపోయిందిరా."

"నేను నవ్వుతానని కదూ? ఒక్క నవ్వు!" మెర్ల్ అరిచాడు. "నీకంత నొప్పిగా ఉంటే ఎప్పుడైనా ఒక్కసారి, 'మూసుకో మెర్ల్' అనొచ్చు కదరా! అనలేదు. ఆ నోరులేని జంతువు రాత్రంతా కడుపు చిరిగి ఎక్కడ పడి ఉందో. ఇంటికి పో. ఇప్పుడు నీతో మాట్లాడలేను."

ఆర్లిన్ వెళ్ళిపోయాడు. మెర్ల్ ఎవరికైనా చెబుతాడని వారం చూశాడు. చెప్పలేదు. ఊళ్ళో ఇంకా మెర్ల్‌నే తప్పుపడుతున్నారు, మెర్ల్ పడుతున్నాడు. ఒక పొద్దున ఆర్లిన్ కాఫీ హోటల్‌కు వెళ్ళి, కూర్చోకుండా, పెద్ద బల్ల దగ్గర నిలబడే జరిగింది చెప్పాడు. ఆడవాళ్ళ సంచి సంగతి కూడా దాచకుండా చెప్పాడు. ఆ రోజు కొట్టులో మెర్ల్ వెంట ఉన్నవాళ్ళలో ఒకడు, అందరికంటే ఎక్కువ నవ్వుతాడనుకున్నవాడు, కాఫీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. వడ్డించే ఆవిడ అతనికి ఖాళీ కుర్చీ చూపించలేదు. నవ్వులపాలు కాకూడదని అంత చేశాడు. తీరా చూస్తే, ఆ విషయం ఎవరికీ నవ్వు తెప్పించేంత చిన్నది కాకుండా పోయింది.

నవంబరు చివర్లో పెద్ద మంచు పడింది. మెర్ల్ భార్య ఫోన్ చేసింది. మెర్ల్ కొండ అవతల పోతు ఎల్క్‌ను కొట్టాడు, గుర్రాలు ఎక్కలేని చోటు, అల్లుడు ఊళ్ళో లేడు. "ఆయన అడగమనలేదు" అంది ఆమె. "నేనే అడుగుతున్నా."

ఆర్లిన్ పనిముట్ల పెట్టె తెరిచి, మంచుగొలుసుల కింద నుంచి ఆకుపచ్చ సంచి తీశాడు. నలిగిపోయి, మీద తుప్పు మరకలు పడ్డాయి. అలాగే వేసుకుని కొండ ఎక్కాడు. అక్కడ మెర్ల్‌తో పాటు సాయానికొచ్చిన ఇరుగుపొరుగు ఇద్దరున్నారు. అందరూ సంచి వంక చూశారు. మెర్ల్ కూడా చూశాడు.

"తొడ నువ్వు మొయ్" అన్నాడంతే.

మాంసం గుడ్డలో చుట్టి లోపల బిగించారు. ఆర్లిన్ లేచి నిలబడ్డాడు. బరువు తుంటి ఎముకల మీద కుదురుగా కూర్చుంది. తల స్వేచ్ఛగా తిరిగింది. మోకాలి లోతు మంచులో దిగుతుంటే అంత బరువూ అతనితో పాటు ఒక్క మనిషిలా కదిలింది. ఇంత తేలికా, ఇంత సుఖమా అనుకునేసరికి అతని కళ్ళు చెమర్చాయి. ఈ సుఖం గురి తప్పిన ఆ రోజు ట్రక్కులోనే ఉంది. చెయ్యి చాపితే అందేది. కొండ దిగేవరకూ ఒక్కసారి కూడా దించకుండా మోశాడు, మళ్ళీ ఎక్కి ఇంకో తొడ తెచ్చాడు. ఎవరూ మెచ్చుకోలేదు. అతను ఎదురుచూడలేదు కూడా.

చీకటి పడబోతుండగా మెర్ల్ ట్రక్కు తలుపు మూస్తూ, ఒక భుజంమాంసం తీసి ఆర్లిన్ చేతుల్లో పెట్టాడు.

"నాకొద్దురా" అన్నాడు ఆర్లిన్.

"నీకివ్వట్లేదు. వెర్నాకి. ఈ చలికాలం ఆమె ఏం తింటుంది?"

ఆ ఆదివారం వెర్నా ఆ మాంసం ఉల్లిపాయలూ క్యారెట్లూ వేసి మెత్తగా ఉడికించింది. ఇల్లంతా కమ్మని వాసన. ఆర్లిన్ పళ్ళెం ముందు కూర్చుని చాలాసేపు ఫోర్కు ముట్టుకోలేదు.

"పారేస్తావా దీన్ని కూడా?" అంది వెర్నా.

అతను తల వంచుకుని తిన్నాడు, ఒక్క ముక్క మిగలకుండా.