సోమవారం బెంచీలు

భిలాయి స్మృతి నగర్‌లో మా ఇంటి పక్క హాలులో పొద్దుటి నుంచీ ఎవరో బెంచీలు ఈడుస్తున్నారు. సిమెంటు గచ్చు మీద ఇనప కాళ్ల చప్పుడుకి పళ్లు పులిశాయి. లేచి 1978 డైరీ తీశాను. నాకు కావలసిన పేజీ ఇలా మొదలవుతుంది: "6 ఆగస్టు, ఆదివారం. హాజరైనవారు: హెడ్మాస్టరు గారు, కామేశ్వరి టీచరు గారు, సుజాత తల్లిదండ్రులు, నేను. విషయం: సుజాత పేరు బడి నుంచి తీసేయడం."

సుజాతకు ఎనిమిదేళ్లు. భిలాయిలో మా సెక్టర్ ప్రైమరీ బడిలో మూడో తరగతి. పిలిస్తే పలికేది కాదు. ఉన్నట్టుండి చెవులు మూసుకుని కేకలు పెట్టేది, పట్టుకోబోతే కరిచేది. ఆటిజం అన్న మాట అప్పటికి మాలో ఎవరూ వినలేదు. ఆ క్లాసుకి నేను కొత్త మాస్టారిని. 'మొండి పిల్ల, పెంకితనం' అని డైరీలో రాసుకుని, ఒకరోజు మధ్యాహ్నం సానుభూతి కోసం అది కామేశ్వరి టీచరు గారికి చదివి వినిపించాను. ఆవిడ బొబ్బిలి వైపు మనిషి, బడిలో అందరికంటే సీనియరు. భర్త స్టీలు ప్లాంటులో ఫోర్‌మాన్.

"ఫర్నేసు ఆగిపోతే మా ఆయన లాగ్‌బుక్కులో 'మొండి ఫర్నేసు' అని రాస్తే ఊరుకుంటారా బాబూ?" అన్నారు.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"ఎన్నింటికి ఆగింది, దానికి ముందు ఏటి జరిగింది, తరవాత ఏటి చేశారు. అంతే రాస్తారు. నువ్వూ అలగే రాయి."

మర్నాడు వాళ్లాయన దగ్గరున్న వాడని లాగ్‌బుక్కు ఒకటి తెచ్చిచ్చారు. రోజూ సాయంత్రం నేను రాసింది చూసి, ఊహించి రాసిన మాటల్ని ఎర్ర పెన్సిలుతో కొట్టేసేవారు. 'కావాలని కరిచింది' అని రాసిన రోజున, "ఆ గుంట కడుపులోకెళ్లి చూసొచ్చేవేటి?" అని అడిగారు. నాకు కోపం వచ్చింది. అయినా మానకుండా నాలుగు వారాలు రాశాను.

చివరికి ఆ పేజీలన్నీ బల్ల మీద వరసగా పరిచి చూశాం. పెద్ద గొడవలన్నీ సోమవారం మొదటి పీరియడ్‌లోనే. సోమవారం తండ్రి షిఫ్టు మారుతుంది కనక ఇంట్లోనే ఏదో ఉందని నేను తేల్చేశాను. ఆ మాట నాకు హాయిగా కూడా ఉంది. ఆవిడ మాత్రం సోమవారం క్లాసులో నువ్వేం చేస్తావని అడిగారు. గర్వంగానే చెప్పాను. ప్లాంటులో షిఫ్టులు తిరిగినట్టు నా క్లాసులో ప్రతి సోమవారం పిల్లల బెంచీలు మారతాయి. ప్రతి వరసకీ ఒక వారం ముందు చోటు, ఒక వారం ఫ్యాను కింద చోటు. ఎవరికీ అన్యాయం జరగదు. తల్లిదండ్రులు మెచ్చుకున్న పద్ధతి అది. చెబుతూ చెబుతూ ఉండగానే నా గొంతు తగ్గిపోయింది. ఆవిడ టీ తాగారు.

తండ్రికి వీక్లీ ఆఫ్ కనక సమావేశం ఆదివారం పెట్టారు. మిగతా పిల్లల ఇళ్ల నుంచి వచ్చిన ఫిర్యాదులన్నీ హెడ్మాస్టరు గారు చదివారు. ఇలాంటి పిల్లకి మామూలు బడిలో చోటు లేదన్నారు. ఆ ఊళ్లో వేరే రకం బడి అంటూ ఏదీ లేదు. పేరు తీసేస్తే ఆ పిల్లకి చదువు అక్కడితో సరి. తండ్రి తల వంచుకున్నాడు. తల్లి నా వైపు తిరిగి, "ఇంటికాడ ఇలగ సెయ్యదు బాబూ. దాని పీట దానికుంటే సాలు" అంది.

కామేశ్వరి టీచరు గారు చెప్పేస్తారేమోనని చూశాను. ఆవిడ కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఇక నేనే లేచాను.

"తప్పు నాది సర్. ప్రతి సోమవారం ఆ పిల్ల చోటు లాక్కున్నది నేనే."

నాలుగు వారాల లాగ్‌బుక్కూ మొదటి నుంచి చదివాను. హెడ్మాస్టరు గారు ఫిర్యాదుల కాగితాలు మడిచి పక్కన పెట్టారు. "ఏక్ మహీనా, మాస్టర్‌జీ. ఉస్‌కే బాద్ నహీఁ" అన్నారు చివరికి. గడువు ఒక్క నెల, ఆ తరవాత లేదు.

మెచ్చుకుంటారనుకున్న టీచరు గారు గేటు దగ్గర, "రేపు ప్రెయరుకి ముందే వచ్చీ" అని మాత్రం అన్నారు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆ తరవాత నలభై డైరీలు నింపాను. మనిషికి ముద్ర వేసే మాట రాయబోయినప్పుడల్లా కలం ఆపుతాను. ఆపలేకపోయిన రోజులూ ఉన్నాయి. అవి ఏ రోజులో నాకు తెలుసు.

సమావేశం అయిన మర్నాడు సోమవారం. కిటికీ పక్కన రెండో బెంచీలో, పోయిన వారం కూర్చున్న చోటే సుజాతను ఉంచి మిగతావాళ్లను జరగమన్నాను. సుజాత జరగదా అని ఒక పిల్లాడు అడిగాడు. ఆ చోటు తనదని చెప్పాను. వాడు సరేనని సంచీ తీసుకుని వెళ్లిపోయాడు. మొదటి పీరియడ్ నిశ్శబ్దంగా గడిచింది. రెండోదీ గడిచింది. పదిన్నరకి చెవులు మూసుకుని కేక పెట్టింది. పట్టుకోలేదు. మిగతా పిల్లలను చదువుకోమని చెప్పి, రెండు బారల దూరంలో నేల మీద కూర్చున్నాను. హెడ్మాస్టరు గారు గుమ్మంలోకి వచ్చి, మళ్లీ మొదలైందా అని హిందీలో అడిగారు.

"ఇది సోమవారం గొడవ కాదు సర్. వేరే ఏదో ఉంది. అదీ కనుక్కుంటాను" అన్నాను.