ఛాయ్‌తో వేసుకునే గోలీ

మా నాన్న సిరిసిల్లలో సాంచెల మధ్య, అంటే మరమగ్గాల మధ్య బతికిన మనిషి. ఆ రోజుల్లో పగలు పోలీసులు వచ్చి, రాత్రి ఎవరొచ్చారని అడిగేవారు. రాత్రి నక్సలైటు అన్నలు వచ్చి, పగలు ఎవరొచ్చారని అడిగేవారు. ఇద్దరికీ నాన్న జవాబు ఒకటే: ఏం లేదు, నాకేం తెల్వది. ఆ జవాబే ఆయన్ని అన్నాళ్లు కాపాడింది. కాబట్టి హైదరాబాదులో ఊపిరితిత్తి కాన్సర్‌కు ఆపరేషన్ చేయబోయే డాక్టరు "మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగినప్పుడు కూడా అదే అప్పజెప్పాడు.

"ఏం లేదు సార్."

డాక్టరు సంతోషించాడు. నేను మాత్రం నా చంటిదాన్ని ఒళ్లో వేసుకుని, డిగ్రీ చదివిన పాపానికి, రక్తం ఆగకపోతే ఎలాగని అడిగాను. గుండె నుంచి ఊపిరితిత్తిలోకి వెళ్లే నాళాలను ముందు దారంతో బిగించి కట్టి, ఆ తర్వాతే కోస్తామన్నాడు. సన్నగా ఊరే చోట కాలుస్తారట, గుడ్డతో అదిమి పడతారట. "మిగతాది రక్తమే చూసుకుంటుందమ్మా, గడ్డకడుతుంది." రక్తానికి అంత బాధ్యత తెలుసని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం నాన్న ఛాయ్ తెప్పించుకుని, బనీను జేబులోంచి తెల్లటి గోలీ తీసి నోట్లో వేసుకున్నాడు.

"గదేంది బాపూ?"

"తలనొప్పి గోలీ."

"మందులేం లేవంటివి గద!"

"గిది మందా? ఛాయ్ హోటల్ల దొరుకుతది. సాంచెల మోతకు అందరం ఏసుకుంటం, రోజూ."

ఆ గోలీల అట్ట పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. అది రక్తాన్ని గడ్డకట్టనివ్వదట. నాళాలు ఎంత బిగించి కట్టినా, లోపల కోసిన ప్రతి చోటా ఊరుతూనే ఉండేదట. ఆపరేషన్ వారం వాయిదా పడింది.

మావాళ్లు నన్ను ఘనంగా అభినందించారు. రక్తం ఇవ్వడానికి జగిత్యాల నుంచి వచ్చిన చిన్నాన్న మొదలుపెట్టాడు. "మంచి గడియ సూపిచ్చుకొని అస్తిమి. తొవ్వ పొడుగూత పోలీసోళ్లు బస్సు దింపుడే. రక్తమియ్యవోతున్న అంటె, ఎవనికి తాకింది తూటా అని అడుగవట్టె. గిప్పుడు గదే రక్తం మల్ల ఇంటికి తీస్కపోవాల్నా?"

చంటిదాన్ని చూసుకోవడానికి కోరుట్ల నుంచి వచ్చిన మా అత్త ముగించింది. "సదువుకున్న కోడలు గదా, డాక్టర్‌కు గూడ పని జెప్తది."

ఆ వారమంతా నాన్న జేబులు వెతికే పోలీసును నేనే.

"ఇంక ఉన్నయా బాపూ?"

"నాకేం తెల్వది."

దిండు గలీబులో ఇంకో అట్ట దొరికింది.

వారం తర్వాత ఆపరేషన్ జరిగింది. కట్టిన ముడులు నిలిచాయని డాక్టరు చెప్పాడు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. నాన్న ఛాతీలోంచి ఒక గొట్టం మంచం కింద సీసాలోకి దిగింది. పాలు తాగే చంటిదాన్నీ వదిలి, నేను ఆ సీసాలోని ఎరుపునే చూస్తూ కూర్చున్నాను. మర్నాడు నాన్న కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"సీసల రంగు ఎట్లుంది బిడ్డా?"

"పల్చగైంది బాపూ."

"అయితె పక్కా రంగు గాదు, ఎలిసిపోతది. గీ బట్ట ఎవడు కొంటడు?"

నవ్వబోయి దగ్గాడు. నేను గబుక్కున గొట్టం వైపు వంగాను. కొత్త ఎరుపేమీ దిగలేదు.